రత్నమ్మక్క జీపుకు ఒకే ఇరుసు

కట్టింగ్ మెషీను ఇనుము మీద ఆనగానే ముందు పాత గ్రీజు కాలిన వాసన వస్తుంది, ఆ తర్వాత రంగు కాలిన వాసన. బాగేపల్లిలో హైవే పక్కనున్న నా షెడ్డులో ఈ ఉదయం కూడా అదే వాసన లేచింది. బెంగళూరు నుంచి వచ్చిన ఒకాయన చిన్న జీపుకు ముందు చక్రాలను పట్టి ఉంచే ఆర్ములు కోసేసి ఒకే ఇరుసు బిగించే పని. ఇలాంటి జీపుల్లో ముందు చక్రాలు దేనికది విడిగా పైకీ కిందికీ ఆడతాయి. రోడ్డు మీద సుఖంగా పోతాయి, బండరాళ్ళ మీద విరుగుతాయి. ఆ ఏర్పాటంతా తీసేసి, లారీకి ఉన్నట్టు అడ్డంగా ఒకే ఇరుసు వేసి, వంచిన ఉక్కు కమాను పట్టీల మీద కూర్చోబెడితే బండి ఇక రాళ్ళకు లొంగదు. లోపల కూర్చున్నవాళ్ళ నడుముల సంగతి మాత్రం అది పట్టించుకోదు. మార్పించుకోవాలా వద్దా అని అడగడానికి వచ్చేవాళ్ళు నా దగ్గర కూర్చుని చాలాసేపు మాట్లాడతారు. ఆ వాసన వచ్చినప్పుడల్లా నాకు రత్నమ్మక్క గుర్తొస్తుంది. ఆమె ఎవరో వాళ్ళకు తెలియదు. తెలియాలని ఇది రాస్తున్నాను.

రత్నమ్మక్కది మిట్టేమరి దగ్గర ఒక పల్లె. నాకు చుట్టం కాదు. చదువు మధ్యలో మానేసి, ఇంట్లో తిట్లు తింటూ తిరుగుతున్న నన్ను పిలిచి తన టమోటా బండికి డ్రైవరుగా పెట్టుకుంది. చీర మీద భర్త పాత చొక్కా తొడుక్కుని, చేతులు మోచేతుల దాకా మడిచి, గుట్ట మీది చేనికి తన చిన్న జీపు తనే నడుపుకుని పోయేది. కాయలు జీపులో దిగువకు తెచ్చేది, అక్కడి నుంచి పెద్ద బండిలో నేను చింతామణి మార్కెట్టుకు తీసుకుపోయేవాణ్ణి. అందరూ క్రేట్లలో మంచి కాయలు పైన పేర్చి, మచ్చలవి అడుగున వేస్తారు. ఆమె మచ్చలవి పైన వేయించేది. మార్కెట్టులో మండీ ఆయన నవ్వేవాడు. "ఏమమ్మా రత్నమ్మా, పెండ్లిచూపులకి గూనిపిల్లని ముందు కూచోబెడతావా?" అనేవాడు. ఆమె తడుముకునేది కాదు. "పైన చూసి ఏడ్చినోడు అడుగున చూసి నవ్వాల. నీకు అలవాటు లేదులే అప్పా, నీ దగ్గర అంతా నవ్వుతా వచ్చి ఏడుస్తా పోతారు" అనేది. చుట్టూ హమాలీలు ఈలలు వేసేవారు. మొదట్లో నాకది మొండితనంగా కనిపించింది. కొంతకాలానికి, ఆమె క్రేట్లను ఎవరూ తలకిందులు చేసి చూడకుండానే వేలం పాట పాడటం గమనించాను.

ఆ మచ్చల కాయలను వేరుచేసే పని ఆమె భర్త నారాయణప్పది. చింతచెట్టు మీద నుంచి పడి నడుము పోయింది ఆయనకు. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేయగలడు, అంతే. అయినా రోజూ చేనికి పోయేవాడు. జీపు పక్కసీటులో మడతపెట్టిన గోనెపట్టా, దాని మీద దిండు. ముందు సీటు అంచున కూర్చుని, తర్వాత కాళ్ళు ఒక్కొక్కటే చేత్తో ఎత్తి లోపల పెట్టుకునేవాడు. ఎవరినీ చెయ్యి వేయనిచ్చేవాడు కాదు. గుట్ట మీద బండ నీడలో కూర్చుని కాయలు ఏరుతూ, చిలకలను అదిలిస్తూ, కూలికొచ్చిన ఆడవాళ్ళతో సరసాలాడుతూ పొద్దు గడిపేవాడు. "మా ఆయప్పకి నడుమే పడిపోయింది, నోరు పడిపోలా" అనేది అక్క. దిగువ చేలల్లో బోర్లు ఎండిపోయాయి. గుట్ట చేనులో మాత్రమే నీళ్ళు. ఆ ఇంటికి అన్నం ఆ చేను నుంచే వచ్చేది.

చేనికి పోయే దారి మాత్రం దారి కాదు, రాళ్ళ వాగు. పక్కన అడవి, అరణ్య ఇలాఖె అనే అటవీశాఖ వాళ్ళు రాయి కదపనివ్వరు. ట్రాక్టరు ట్రాలీ అక్కడి మలుపుల్లో తిరగదు. నేను బండ్ల పని నేర్చుకుని బాగేపల్లిలో షెడ్డు పెట్టుకున్నాక ఆ జీపు నా దగ్గరికే వచ్చేది. ముందు ఆర్ము విరగడం, నేను అతకడం, మళ్ళీ విరగడం. అలా ఒక వేసవిలో, కాయలు పండి చెట్టుమీద ఉండగా మళ్ళీ విరిగింది. అక్క షెడ్డుకొచ్చి టైరు మీద కూర్చుంది. "ఈ మాటు అతుకు వద్దు సీనా. ఏం చేద్దామో నువ్వే చెప్పు. బండి సంగతి నాకు తెలీదు, నీకు తెలుసు" అంది. అప్పటికి నా షెడ్డు మూలలో ఒక పాత ఇరుసు పడి ఉంది. చిక్కబళ్ళాపురం గుట్టల్లో ఆదివారాలు జీపులు ఎక్కించే బెంగళూరు వాళ్ళు అలాంటివి వేయించుకునేవారు, కానీ నా దగ్గర కాదు. ఒక్కటి చేసి చూపిస్తే చాలు, వాళ్ళంతా నా దగ్గరికి వస్తారని నా ఆశ. ఆ ఆశను పక్కన పెట్టకుండానే అక్కకు సలహా చెప్పాను. బలం గురించి చెప్పాను, విరగదని చెప్పాను. ఆమె ఒక్కటే అడిగింది. "ఆయప్పకి ఎట్ల?"

"ఒక రవ్వ గట్టిగా ఉంటాదక్కా. అంతే."

అంతే కాదని నాకు తెలుసు. కమాను పట్టీల దెబ్బ నేరుగా సీటుకు వస్తుందనీ, బండి జానెడు పైకి లేస్తుందనీ తెలుసు. ఆమె దగ్గర అన్నేళ్ళు పనిచేసి, మచ్చల కాయలన్నీ అడుగున పెట్టాను.

లోపల ఏదో గుచ్చుకుంటూనే ఉంది గనక, ఇంటి మగాయన్ను ఒక మాట అడగాలన్న వంకతో నారాయణప్ప దగ్గరికి పోయాను. ఆయన అరుగు మీద ఉన్నాడు. విషయం చెప్పాను.

"బండి దానిది, చేను దానిది. అదేమంటాండాది?" అన్నాడు.

"అక్క నా మీద ఇడిసిందన్నా."

ఆయన నవ్వాడు. "ఓహో. నువ్వు నా మీద ఇడిసేకి వచ్చినావా?" కాసేపు గుట్ట వైపు చూశాడు. "చేసేయప్పా. చెట్టుమీద కాయలు నా నడుం కోసరం ఆగవు."

ఆ మాట చాలనుకుని తిరిగి వచ్చాను. ఆయన వద్దనలేడని నాకు తెలుసు. వద్దంటే భార్య చేను పోతుంది. ఆమె భారం నా మీద వేసింది, నేను ఆయన మీద వేశాను, ఆయన దాన్ని తన నడుము మీద వేసుకున్నాడు. ముగ్గురం ఒకరి మర్యాద ఒకరం కాపాడుకున్నాం. నిర్ణయం మాత్రం ఎవరూ చేయలేదు. చేసినట్టు లెక్క.

ఇరుసు బాగా కుదిరింది. పని పరంగా ఇప్పటికీ దానికి వంక పెట్టలేను. మొదటి రోజు నేనూ వెంట పోయాను. సీటు ఎత్తయింది, నారాయణప్ప అంచున కూర్చోలేకపోయాడు. నేను పీట వేశాను. పీట మీదికి ఆయన కాలు లేవలేదు. చివరకు అక్క ఒక చంక కింద, నేను ఒక చంక కింద పట్టి ఎత్తి కూర్చోబెట్టాం. వాకిట్లో కూలివాళ్ళు చూస్తూ నిలబడ్డారు. ఎవరూ ఏమీ అనకుండానే ఆయనే, "పెండ్లికొడుకు మాదిరి ఎత్తుకుపోతాండారు చూడండ్రా" అన్నాడు. జీపు అంతకుముందు ఆగిన ప్రతి బండనూ ఎక్కింది. నేను వెనక కూర్చుని ఇరుసును చూస్తూ ఉన్నాను. ఆయన కడ్డీ పట్టుకున్న చేతి వేళ్ళు తెల్లబడటం కూడా చూశాను. పైకి చేరాక "ఎట్లుండాదన్నా?" అని అడిగాను. "బాగుండాది" అన్నాడు. ఆ మాట కూడా చాలనుకున్నాను.

కొన్నాళ్ళకే ఆయన, "నేను ఇంటికాడ ఉంటాలే" అన్నాడట. అక్క కాయలు ఏరే పనికి వేరే మనిషిని పెట్టుకుంది. బెంగళూరు జీపులు నా షెడ్డుకు రావడం మొదలైంది. ఒకసారి ఆ పల్లె మీదుగా పోతూ ఆయన్ను చూశాను. అరుగు మీద ఒక్కడే ఉన్నాడు, గడ్డం పెరిగింది. ఊరంతా పనులకు పోయిన వేళ. "ఏమన్నా, ఒక్కడివే?" అన్నాను. "లేదప్పా, కోళ్ళు ఉండాయి కదా. అవి నా మాట వినవు, అంతే" అన్నాడు. నవ్వి, పని ఉందని చెప్పి వచ్చేశాను. అదే ఆయన్ను చివరిగా చూడటం. రెండేళ్ళు తిరక్కముందే మంచం పట్టి పోయాడు. ఇరుసు ఆయన్ను చంపిందని నేను అనను. డాక్టరు ఊపిరితిత్తులని చెప్పాడు. కానీ ఎండలో కూర్చుని మనుషులతో మాట్లాడే మనిషిని అరుగుకు కట్టేసింది ఎవరో నాకు తెలుసు.

రత్నమ్మక్క నన్ను ఏమీ అనలేదు. జీపు సర్వీసుకు వచ్చేది, ఊళ్ళోవాళ్ళ బండ్లను నా దగ్గరికే పంపేది. ఆమె ఏదైనా అంటే బాగుండునని ఎన్నోసార్లు అనుకున్నాను. తర్వాత తర్వాత ఆమె నడుము కూడా వంగింది. డ్రైవింగు మానేసింది. చేను కౌలుకిచ్చి చింతామణిలో చెల్లెలి దగ్గరికి పోయే ముందు నాకు కబురు పెట్టింది. "ఒకసారి చేను చూసి రావాల. నువ్వు తోలు" అంది. మొదటిసారి ఆమె పక్కసీటులో కూర్చుంది. స్టీరింగు పట్టుకున్నవాడికి గుంత ముందే తెలుస్తుంది, కాళ్ళు తన్నిపెట్టుకుంటాడు. పక్కనున్నవాడికి పడ్డాకే తెలుస్తుంది. ఎంత నెమ్మదిగా పోయినా ప్రతి రాయికీ ఆమె నోట్లోంచి చిన్న శబ్దం వచ్చేది. తర్వాత అదీ ఆగిపోయింది. పైన దిగి, రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని చాలాసేపు నిలబడింది.

"ఆయప్ప రోజూ ఇట్లే వచ్చినాడా?" అంది.

"అక్కా, పాతది మల్ల వేసేస్తా. మునుపటి మాదిరే మెత్తగా పోతాది" అన్నాను.

"ఎవరి కోసరం?"

కోపంగా అనలేదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగింది. చేనంతా ఒకసారి చూసి, జీపు ఎక్కకుండా, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని రాళ్ళ మీద ఒక్కొక్క అడుగే వేస్తూ దిగసాగింది. మొదటి గేరులో ఆమె వెనకే పోయాను. ఆమె ఆగితే ఆగాను. పక్కసీటు ఖాళీగా ఎగిరెగిరి పడుతూ ఉంది. ఆ తర్వాత ఎక్కువకాలం బతకలేదు ఆమె. నేనిప్పుడు ఎంత వేగంగా ఎక్కడికి పోతున్నా, లోపల ఒకచోట ఆ గుట్ట దిగుతూనే ఉన్నాను. ముందు ఆమె నడుస్తూ ఉంటుంది, దాటిపోవడానికి దారి ఉండదు.