మా చిన్నమ్మ పాటలో మా అమ్మ గొంతు

ఇప్పుడు గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా ఏ పెళ్లి బరాత్‌లో చూసినా డీజే బండి మీద మన పాలమూరు పాటలే. ఈ ఒరవడి తామే తెచ్చామని మైకు దొరికిన ప్రతివాడూ చెప్పుకుంటాడు. వింటే నాకు ఒళ్లు మండుతుంది. తెచ్చింది మా చిన్నమ్మ. పాట రాసేదీ, బాణీ కట్టేదీ, కంప్యూటర్ ముందు కూర్చుని వాద్యాలు కలిపేదీ ఆమే. గద్వాలలో ఒక అద్దెగది గోడలకు బొంతలు కొట్టి, దాన్నే స్టూడియో అంది.

నాట్ల పాటకు డప్పూ కీబోర్డూ కలిపి ఆమె చేసిన మొదటి పాట హైదరాబాద్‌లో ఒక చానెల్ ఆయనకు నచ్చింది. పాడిన గొంతు మాత్రం నచ్చలేదు. ఆ గొంతు మా అమ్మది. "మోటుగా ఉంది, ఇక్కడి సింగర్‌తో పాడిద్దాం" అన్నాడు. చిన్నమ్మ బతిమాలితే, ఇంకొక్కసారి పాడించి సాయంత్రంలోగా పంపమన్నాడు. అప్పటికీ నచ్చకపోతే పట్నం గొంతే.

అమ్మా, ధరూర్ దిక్కున ఆమెతో నాట్లేసే ఆడవాళ్లూ ఆటోలో వచ్చి దిగారు. మర్యాదగా కుర్చీలేసి కూర్చోబెట్టాం. అక్కడే తప్పు చేశాం. అమ్మ గొంతు తడబడింది. వెనక అందుకునేవాళ్లు పాటలో తలోదారి పట్టారు.

"నాతోని కాదు చెల్లె. ఆ పట్నం పిల్లతోనే పాడియ్యి" అంది అమ్మ, మొహం చిన్నబుచ్చుకుని. నాకు ఏడుపొచ్చింది.

చిన్నమ్మ కుర్చీలన్నీ బయటపెట్టించింది.

"పొలంల కూసోని పాడ్తరా ఏంది అక్కా? కొంగులు నడుముకు చెక్కుండ్రి. వంగి నాటేసుకుంట ఎనకకు నడువుండ్రి."

"బండల మీద నాటేసుడేందే, పిస లేసిందా నీకు?" అంటూనే అమ్మ వంగింది. అందరూ వరసగా వంగి, లేని నారు నాటుతూ వెనక్కి అడుగులేశారు. పాట వచ్చేసింది. వాళ్ల ముందు మైకు పట్టుకుని నేనూ వంగి నడిచాను. నా నడుం పట్టేసింది, అది వేరే సంగతి.

చానెల్ ఆయన మారుమాట లేకుండా తీసుకున్నాడు.

కొన్నాళ్లకు అమ్మా నేనూ వనపర్తి బస్టాండులో ఉంటే, ముక్కూ మొహం తెలియని కాలేజీ పిల్ల ఫోన్‌లో ఆ పాట పెట్టుకుని, అమ్మలా గొంతు మోటుగా చేసి పాడడానికి తంటాలు పడుతోంది. అమ్మ ఊరుకుంటుందా, దగ్గరికి పోయింది.

"గట్ల కాదు బిడ్డా. కడుపులకెళ్లి ఎత్తుకో" అని, అందరి ముందూ నిలబడి పాడి చూపించింది.