పసుపుపూల దిబ్బ

మా తోటికోడలు వలలు బాగుచేస్తుంది. నాకంటే మూడేళ్లు పెద్దది కాబట్టి అక్కా అంటాను. అంతకుమించి గౌరవించిన పాపాన పోలేదు. యాభై ఏళ్లుగా సముద్రం ఒడ్డున ఒకే పాకలో కూర్చుని, కాలి బొటనవేలికి వల తగిలించుకుని, చిరిగినచోటల్లా కుడుతుంది.

పాక ముందు ఇసుకదిబ్బ. దాని నిండా చామంతికి చుట్టమయ్యే పిచ్చిమొక్క, గుండీలంత పసుపుపూలు. ఆరేసిన వలలకు చిక్కుకుంటుందని మేమంతా ఎవరి పాకల ముందుది వాళ్లం పీకేశాం. ఆమె మాత్రం కర్రలు పాతి వలలు వాటిమీద ఆరేసుకుంది. "పూలకొట్టు పెడతావా అక్కా?" అని వెక్కిరించింది నేనే.

మొన్న రోడ్డు మేస్త్రీ వచ్చి దిబ్బమీద మేకులు కొట్టాడు. చదును చేసి దారి వేస్తారట. దిబ్బ పోతే ఇసుకంతా అక్క పాకలోకే. కళ్లు మసకబారిన మనిషికి ఆ చోటు తప్ప మరోచోట సూది నడవదు. మేకులకు అడ్డంగా వెళ్లి పూలమధ్య నిలబడింది.

"పిచ్చిమొక్కల కోసం ఇంత రాద్ధాంతమా పెద్దమ్మా?" అన్నాడు.

"ఒక్కటి వేరుతో సహా పీకు బాబూ. మిగతావన్నీ నేనే పీకేస్తా."

నవ్వుతూ లాగాడు. తెగింది.

"అది జుట్టు. నేనన్నది వేరు."

రోషమొచ్చి పార పట్టాడు. మోకాలి లోతున కాడే. నడుము లోతున కుళ్లిన వాసం తగిలింది: మా అత్తగారి పాత పాకది, నేను కాపురానికొచ్చిన ఏడు ఇసుకలో పూడిపోయింది. ఆ వాసాన్ని ఒరుసుకుంటూ కాడ ఇంకా కిందికి పోయింది. ఇసుక కప్పినప్పుడల్లా తల పైకెత్తి, మళ్లీ పూసి, తనను కప్పిన ఇసుకనే పట్టుకుని, అంత దిబ్బనూ ఆ పిచ్చిమొక్కే కట్టింది! వెక్కిరించిన నేనే గుంట అంచున వంగి చూశాను.

మేస్త్రీ గుంటలోనే నిలబడి కాడను రెండువేళ్లతో తడిమాడు.

"దీని వయసెంత పెద్దమ్మా?"

"నేనొచ్చేసరికే ఉంది."

గుంట తనే పూడ్చాడు. మేకులు పీకి నలభై అడుగులు పక్కకు కొట్టాడు.

ఆ పక్కనున్నది నా పాక; దారి ఇక నా ముంగిట్లోంచే. పోట్లాటకు కొంగు బిగించాను గానీ, ఏం చూపించి పోట్లాడను? నా పాక ముందు ఉన్నది నేనే మొక్కలు పీకేసిన బోడినేల. మర్నాడు సూదీ దారం పట్టుకుని అక్క గుమ్మంలో నిలబడ్డాను. తలెత్తకుండానే కాస్త జరిగింది.

"అటు కూర్చో. వెలుతురుకు అడ్డం రాకు."

"అలాగే అక్కా," అన్నాను.