నేను కలిపిన పదకొండో స్లైడ్

మా నాన్నది తాండూరు గంజ్‌లో, అంటే గింజల మార్కెట్లో, కందుల వ్యాపారం. రైతు తెచ్చిన బస్తాలో చెయ్యి పెట్టి, నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని చూసి ధర చెప్పడం ఆయన పని. చిన్నప్పుడు సెలవుల్లో నేను ఆయన పక్కన కూర్చునేవాణ్ణి. ధర చెప్పాక చాలామంది రైతులు బేరమాడేవాళ్లు కాదు. భుజమ్మీది తువ్వాల తీసి, దులిపి, మళ్లీ వేసుకునేవాళ్లు. సరేనన్నారని నేననుకునేవాణ్ణి. సరే అనడం వేరు, వేరే దారి లేకపోవడం వేరు అని నాకు చెప్పింది రైల్లో పరిచయమైన ఒక అమ్మాయి. అప్పటికి నాకు ఇరవై తొమ్మిదేళ్లు.

ఆమెది యాలాల్ పక్కన ఒక పల్లె. తండ్రి లేడు. కంది చేను తల్లే చూసుకునేది. ఆమె వికారాబాద్‌లో గది తీసుకుని, అక్కడి కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. నేను రోజూ తాండూరు నుంచి రైల్లో హైదరాబాద్ వెళ్లి, ఒక చిన్న ఆఫీసులో కంపెనీల కోసం స్లైడ్లు తయారుచేసేవాణ్ణి. శనివారం సాయంత్రం నేను తిరిగొచ్చే రైలు వికారాబాద్‌లో ఆగినప్పుడు, ఊరికి పోవడానికి ఆమె అదే పెట్టె ఎక్కేది. అలా పరిచయమైంది. ఏడాది తిరిగేసరికి నాకు వారమంటే శనివారమే అయిపోయింది.

ఒక శనివారం ఆమె తన ఆలోచన చెప్పింది.

"గంజ్‌ల మీ నాయన చెప్పిందే ధర. సంఘం పెడితే సంఘంల పెద్దమనిషి చెప్పిందే ధర. చెప్పేటోడు మారుతుండు గని, వినేటోళ్లం ఎప్పటికీ మేమే గద. అసలు పెద్దమనిషే లేని సంఘం పెడితే?"

అలాంటి సంఘాన్ని కంప్యూటర్ తెలిసినవాళ్లు డావో అంటారట. నిబంధనలన్నీ ప్రోగ్రాంగా రాసిపెడతారు. సభ్యులందరికీ తలా ఒక ఓటు. ఫోన్లో ఓటేస్తారు. ఎక్కువమంది ఔనంటేనే సరుకు కదులుతుంది, ఖర్చు జరుగుతుంది. ఒకరు మధ్యలో దూరి మార్చడానికి వీలుండదు. ఆ ప్రోగ్రాం ఆమే రాసింది. వాళ్ల పల్లెలోనూ పక్క పల్లెల్లోనూ ఇల్లిల్లూ తిరిగి అరవై మందిని చేర్చింది. అరవై ఒకటోవాణ్ణి నేను. ఇక సమకూర్చుకోవాల్సింది ఒక గోదాము, ఒక చిన్న పప్పు మిల్లు. వాటికి పెట్టుబడి పెట్టేవాళ్లు కావాలి. వాళ్లకు చూపించే స్లైడ్ల కట్ట, పిచ్ డెక్ అంటారు, అది చెయ్యడం నా వంతు. నాకు వచ్చిన పని అదొక్కటే.

మొదట ముప్పై రెండు స్లైడ్లు చేశాను. వలయాలు, బాణాలు, రంగులు. చూసుకుని మురిసిపోయాను. ఆమె అంతా చూసి, "మా అమ్మకు చూపియ్యి" అంది.

ఒక ఆదివారం వాళ్లు చర్చి నుంచి వచ్చాక వాకిట్లో మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టాను. తల్లి చాటలో కందులు చెరుగుతూ చూసింది.

"గీ గీతలేంది కొడుకా? పొలం మ్యాపా?"

నేను చెప్పుకుంటూ పోయాను. ఆమె చాలాసేపు విని, ఒక్క మాట అడిగింది.

"నా పంట తెచ్చి గోదాంల పెడ్త. అమ్మాల్నా వద్దా ఎవరు చెప్తరు?"

"మీరే చెప్తరు. అందరు ఫోన్ల ఓటేస్తరు. ఎక్కువమంది ఏదంటే అది."

"అందరు అమ్ముదమని, నేనొక్కదాన్నే వద్దంటే?"

"అమ్ముతరు. గని మీరు వద్దన్నది గూడ అండ్ల రాసుంటది. ఎవ్వరు తుడ్వలేరు."

ఆమె చాట పక్కన పెట్టింది. "నేను వద్దన్నది గూడ ఉంటదా?" అంది. మళ్లీ తనే, "మరి గదే ముందుగాల చెప్పాలె గద!" అంది.

అదే మా మొదటి స్లైడ్ అయింది. బాణాలు పోయాయి. తల్లి రెండోసారి ప్రశ్న అడిగిన స్లైడు ఏదైనా సరే తీసేసేవాళ్లం, లేదా మళ్లీ రాసేవాళ్లం. ముప్పై రెండు స్లైడ్లు పదికి తగ్గాయి. కోతకు ముందు కంది చేను ఫోటో, కిందనే 'ఈ పంటను ఎప్పుడు అమ్మాలో పండించినవాళ్లే చెబుతారు' అన్న ఒక్క వాక్యం ఉన్న స్లైడు కూతురిదే. నేనైతే అంత చిన్న వాక్యం రాయలేకపోయేవాణ్ణి. ఆ రెండు నెలలూ నేను జీవితంలో ఎన్నడూ లేనంత సంతోషంగా ఉన్నాను. పెళ్లి మాట కూడా అప్పుడే అనుకున్నాం. మా నాన్న ఔననలేదు, కాదనీ అనలేదు. ఆమె తల్లి మాత్రం చుట్టుపక్కలవాళ్లతో నన్ను అల్లుడనే చెప్పుకునేది.

హైదరాబాద్‌లో పెట్టుబడిదారుణ్ణి కలవడానికి ఇద్దరం వెళ్లాం. పెద్దాయన, మర్యాదస్తుడు. పది స్లైడ్లూ ఓపికగా చూశాడు.

"నాకు ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు" అన్నాడు. "కానీ రేపు వాళ్లంతా కలిసి తప్పు నిర్ణయం తీసుకుంటే నేను ఎవరికి ఫోన్ చెయ్యాలి?"

"అందరికీ చెయ్యండి సార్. అందరూ వింటారు" అంది ఆమె.

ఆయన నవ్వాడు. "నాకు ఒక్క మనిషి కావాలమ్మా. అవసరమైతే ఓటును ఆపగలిగే మనిషి. ఆ ఒక్క స్లైడూ కలిపి రండి."

తిరుగు రైల్లో శంకర్‌పల్లి దాటాక, "అది కలిపితే ముందు చెప్పిన పది అబద్ధమైతయ్" అంది.

"పేరుకే గద" అన్నాను.

"పేరుకే అయితే ఆయనెందుకు అడుగుతడు?"

రెండోసారి ఆయన పిలిచేసరికి కందుల కోతలు. తల్లి జ్వరం నుంచి అప్పుడే లేవడంతో కూతురు ఊరు కదల్లేకపోయింది. "నువ్వు పో. ఉన్నదే చూపియ్యి" అంది ఫోన్లో.

నేను ఉన్నదే చూపించలేదు. పొద్దున ఆఫీసులో కూర్చుని పది నిమిషాల్లో పదకొండో స్లైడ్ చేశాను. నా ఫోటో పెట్టాను. కింద, 'సభ్యుల ఏ నిర్ణయాన్నయినా ఆపే అధికారం వీరిది' అని రాశాను. మిల్లు వచ్చాక తీసేద్దాం, అప్పుడు తనే నవ్వుకుంటుంది అని సర్దిచెప్పుకున్నాను. ఇంకో నిజం కూడా రాయాలి. ఆ ఫోటో అక్కడ చూసుకోవడం నాకు బాగుంది.

పెద్దాయన చూసి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. పెట్టుబడికి ఒప్పుకున్నాడు. ఆమెకు ఫోన్ చెయ్యలేదు. శనివారం ఎదురుగా కూర్చుని చెబుదామనుకున్నాను.

సంగతి శనివారం దాకా ఆగలేదు. సంఘం మెయిల్‌కు ఏ కాగితం వచ్చినా సభ్యులందరి ఫోన్లలో తెరుచుకునేలా ఆమే ఏర్పాటు చేసింది. పెద్దాయన ఆఫీసువాళ్లు ఉత్తరంతో పాటు నా డెక్ కూడా అక్కడికే పంపారు. ఆ తర్వాత జరిగింది ఆ శనివారం ఆమె నోటి నుంచే విన్నాను. తల్లి చేను గట్టు మీద కూర్చుని ఫోన్ చూసి, "మా అల్లుని ఫోటో మస్తుగొచ్చింది" అని కోతకొచ్చిన ఆడవాళ్లందరికీ చూపించిందట. తర్వాత కూతుర్ని పిలిచి, "కింద ఏం రాసిన్రో సదువు బిడ్డా" అందట. కూతురు చదివింది.

"అంటే మేం ఓటేసినంక గూడ ఆయన వద్దంటే వద్దా?"

"ఔనమ్మా."

తల్లి ఫోన్ కొంగున ముడేసుకుని, కొడవలి తీసుకుని సాలులోకి దిగిపోయిందట.

పెట్టుబడి తీసుకోవాలా వద్దా అని మూడు రోజుల ఓటు పెట్టారు. ఆమె నా ఫోన్ ఎత్తలేదు. నాకూ ఒక ఓటుంది. వద్దని నొక్కి వాళ్లతో నిలబడొచ్చు. మొదటిరోజే ఔనని నొక్కాను. మిల్లు పోతుందన్న భయం ఒక పక్క, నేను చేసింది తప్పేమీ కాదని నిరూపించుకోవాలన్న పంతం ఒక పక్క. ఔనన్నవాళ్లు నాతో కలిపి ఏడుగురు. మిగతావాళ్లంతా వద్దన్నారు.

ఆ శనివారం వికారాబాద్‌లో రైలు దిగి ప్లాట్‌ఫాం మీద నిలబడ్డాను. కోతలయ్యాక మళ్లీ కాలేజీకి వెళ్తున్న ఆమె వచ్చింది. కోపంగా లేదు. కోపంగా ఉంటే నాకు ధైర్యంగా ఉండేది.

"మిల్లు రావాలనే చేసినవ్. నాకెరుకే" అంది.

"తర్వాత తీసేద్దామనుకున్న."

"ఎప్పుడు తియ్యాల్నో గూడ నువ్వే అనుకున్నవ్ గద."

"తప్పయింది. మాఫ్ జెయ్యి" అన్నాను.

"మాఫ్ జేసిన. గని పెళ్లి వద్దు. రేపు ఇంట్ల ఏదన్న అనుకున్నప్పుడల్ల, నువ్వు సరే అంటున్నవా, మనసుల వేరే పెట్టుకున్నవా అని నీ మొఖం చూసుకుంట ఉంట. గట్ల బతకలేను."

తాండూరు వెళ్లే తర్వాతి రైలు వచ్చింది. ఆమె ఆడవాళ్ల పెట్టె వైపు నడిచింది. నేను ఎక్కలేకపోయాను. రైలు వెళ్లిపోయాక బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. పక్కన పల్లీలమ్మే ఆవిడ మంచినీళ్ల సీసా నా ముందు పెట్టి, ఏమీ అడక్కుండా వెళ్లింది.

ఇంట్లో సంగతి తెలిసి మా నాన్న, "మంచి పనే చేసినవ్ రా. ఎవడో ఒకడు మీద ఉండాలె గద" అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకున్న సందర్భాలు తక్కువ. ఆ పూట కంచం ముందు నుంచి లేచిపోయాను.

మిల్లు రాలేదు. సంఘంవాళ్లు ఒక పాత రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని, కందులు శుభ్రం చేసే మిషన్ ఒకటి పెట్టుకున్నారని, సరుకు కలిపి అమ్ముకుంటున్నారని విన్నాను. ఆమె కాలేజీ మానేసి కర్ణాటక వైపు ఎక్కడో ఉద్యోగానికి వెళ్లింది. తర్వాత పెళ్లయిందని తెలిసింది. నేను హైదరాబాద్‌కు మారాను. ఇప్పటికీ స్లైడ్లే చేస్తున్నాను. తేటగా చేస్తానని నాకు పేరు.

పోయిన చలికాలం తాండూరు బస్టాండులో ఆమె తల్లి కనిపించింది. నేను తల తిప్పుకునేలోపే నన్ను గుర్తుపట్టింది.

"మంచిగున్నవా కొడుకా? సన్నగైనవ్."

"మంచిగున్న. మీ బిడ్డ ఎట్లుంది?"

"మంచిగుంది. పాప పుట్టింది" అంది. నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని నిమిరింది. యాలాల్ బస్సొచ్చింది. ఎక్కి వెళ్లిపోయింది.

బస్సు మలుపు తిరిగాకగానీ నాకు తట్టలేదు. కూతుర్ని క్షమించమని అడిగాను కానీ, ఈమెను ఒక్కసారీ అడగలేదు. వారం తర్వాత వాళ్ల ఊరికి బస్సెక్కాను. చేను దాకా నడిచాను. ఆమె నా వైపు వీపు పెట్టి, వంగి కంది కట్టలు ఎత్తుతోంది. గట్టు మీద చాలాసేపు నిలబడ్డాను. క్షమించమని అడగడానికే వచ్చాను, అయినా ఆమెను పిలవలేదు. వచ్చిన దారినే తిరిగొచ్చేశాను.