తేటనీళ్ళు

మేడమ్ గారు పోయారన్న కబురు నాకు కుళాయి దగ్గర తెలిసింది. పొద్దున్నే నీళ్ళొచ్చే వేళ. ఎదురింటావిడ బిందె మీద నుంచి చెయ్యి తియ్యకుండానే, "మీ మేడమ్ గారు పోయారంటగా. ఇందాకే ఆస్పత్రి నుంచి ఫోనొచ్చిందంట" అంది. వెనకున్న ముసలమ్మ "అయ్యో, మంచి మనిషి" అని, ఆ వెంటనే "నీ బిందె నిండింది, పక్కకి జరుపమ్మా" అంది. ఎవరూ కుళాయి కట్టెయ్యలేదు. నేనూ కట్టెయ్యలేదు. నా వంతు వచ్చేదాకా నిలబడి, బిందె పట్టుకుని ఇంట్లోకి వచ్చాను.

నేను ఏడో తరగతితో ఆగిపోయినదాన్ని. నలుగురిలో మాట్లాడాలంటే నాకు నోరు పెగలదు. అయినా ఇది రాస్తున్నానంటే, మొన్న సంతాప సభలో చెప్పినవేవీ ఆవిడ గురించి చెప్పినట్టు నాకు అనిపించకే.

యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన ఆవిడ, గుణదలలో మా పక్కింటి మేడ మీద ఒక్కరే ఉండేవారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు మా గుమ్మంలో నిలబడి మంచినీళ్ళడిగారు. నేను బిందెలో గ్లాసు ముంచి తెచ్చి ఇచ్చాను. ఆవిడ గ్లాసు కేసి చూడలేదు, నా చేతి కేసి చూశారు. ఆ నీళ్ళు మల్లె మొదట్లో పోసి, "ఇంకో గ్లాసు ఇయ్యమ్మాయ్. ఈసారి వేళ్ళు ముంచకుండా" అన్నారు. సిగ్గుతో నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. మా అత్తయ్య వారం రోజులు అదే మాట. "నీళ్ళియ్యడం కూడా నేర్పకుండా పంపారా మీవాళ్ళు? యూనివర్సిటీ నుంచి దిగొచ్చి చెప్పాలా?" మర్నాడు ఆవిడ పొడుగు కాడ గరిటె ఒకటి తెచ్చి మా బిందె మీద పెట్టి వెళ్ళిపోయారు.

ఏ ఊరు వెళ్ళినా ఆవిడ పాఠం అలాగే మొదలయ్యేదని తర్వాత తెలిసింది. ముందు నీళ్ళడగడం, చెయ్యి చూడడం. ఆ తర్వాతే మాట.

ఆవిడకి చూపు తగ్గాక మధ్యాహ్నాలు నేను వెళ్ళి పేపరు చదివి వినిపించేదాన్ని. తడబడితే దిద్దేవారు కాదు, ఆగేవారు. మధ్యమధ్యలో తన సంగతులు చెప్పేవారు. యూనివర్సిటీలో ప్రజారోగ్యం అన్న పాఠం కొత్తగా పెట్టినప్పుడు అది చెప్పినవాళ్ళలో ఆవిడ ఒకరు. ఆ పాఠానికి అప్పట్లో గది కూడా లేదు. విరిగిన బెంచీలు పేర్చిన వరండా చివర చెప్పేవారు. ఇంకెక్కడా సీటు దొరకని పిల్లలు వచ్చి కూర్చునేవారు. తోటి మేష్టార్లు ఆవిడకి మరుగుదొడ్ల మేడమ్ అని పేరు పెట్టారు. "పెట్టుకోనీ అమ్మాయ్. దొడ్డి లేకుండా వాళ్ళలో ఒక్కడికైనా తెల్లారుతుందా?" అని నవ్వేవారు. ఒక్కసారి మాత్రం నవ్వలేదు. "గది కట్టించేసరికి నేను రిటైరయ్యాను. ప్రారంభానికి పిలవడం మర్చిపోయారు" అన్నారు. నేను పేపరు తిప్పాను.

ఆవిడ ఎవరికీ చెప్పని సంగతి ఒకటి నాకు చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లల్ని బస్సులో కాలవ గట్టు మీది ఊరొకదానికి తీసుకెళ్ళారు. అక్కడ తాగేది కాలవ నీళ్ళే, ఎర్రగా బురద. ఆవిడ అరుగు మీద బిందె పెట్టించి, అందులో పటిక తిప్పి చూపించారు. బురద అడుక్కి దిగి, నీళ్ళు అద్దంలా తేరాయి. ఆడవాళ్ళంతా చేరి చూశారు, పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంతలో బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. తేరిన నీళ్ళని కాచాలి అన్న మాట వచ్చే వారం చెప్పొచ్చులే అనుకుని బస్సెక్కారు. వారానికి వెళితే ఒకింట్లో పిల్ల విరోచనాలతో పోయింది. తల్లి బిందె తెచ్చి ఆవిడ ముందు పెట్టి, "మీరు చెప్పినట్టే తేర్చానమ్మా, చూడండి" అందట.

"నేను చెప్పింది తప్పు కాదమ్మాయ్. చెప్పకుండా ఉంచుకున్నది తప్పు" అన్నారు.

అప్పటి నుంచి ఏ ఊళ్ళోనైనా ప్రెసిడెంటు భార్యని కాక, అందరికన్నా తక్కువ మాట్లాడే ఆడమనిషిని వెతికేవారట. "నేను చెబితే అది పాఠం, వినేసి లేచిపోతారు. మీలాంటి వాళ్ళు చెబితే అది మాట, వంటింట్లోకి వెళుతుంది" అనేవారు. అలా ఆవిడ ఏరుకున్న ఆఖరి మనిషిని నేను. ఏరుకోవడంలో పొరపడ్డారు.

ఈ ఎండాకాలం మా వీధిలో పైపు పగిలి మురుగు కలిసింది. రెండు రోజులు నీళ్ళు నల్లగా, కంపు కొడుతూ వచ్చాయి. మా మావయ్య గారు కార్పొరేషన్ ఆఫీసు చుట్టూ తిరిగి, ఇంజనీరుని పట్టుకొచ్చి బాగు చేయించారు. నీళ్ళు తేటగా వచ్చాయి. వీధివాళ్ళు ఆయనకి శాలువా కప్పారు. తవ్విన గొయ్యి మాత్రం ఎవరూ పూడ్చలేదు.

మేడమ్ గారు ఆ నీళ్ళు పట్టించి పరీక్షకి పంపారు. కాగితం రాగానే నన్ను పిలిచారు.

"ఇంకా మురుగు కలుస్తోందమ్మాయ్. మనిద్దరిళ్ళూ కాక ఆరిళ్ళు. కాచుకోమని చెప్పిరా. ఆరిళ్ళే."

ఇంటికొచ్చి అత్తయ్యతో చెప్పాను. ఆవిడ కూర తరుగుతూ తలెత్తారు. "మీ మావయ్యకి కప్పిన శాలువా మడత కూడా విప్పలేదు. కోడలు ఇల్లిల్లూ తిరిగి నీళ్ళు బాగాలేవని చెబుతుందా? భలే!" మా ఆయన ఫోన్లోంచి తల ఎత్తలేదు.

మేడమ్ గారితో "రేపు వెళతానండి" అన్నాను. మర్నాడూ అదే అన్నాను. కానీ మా ఇంట్లో మాత్రం, బాబుకి జలుబు అని చెప్పి, నీళ్ళు కాచాను. ఈ ముక్క రాయకపోతే ఈ స్మృతి అబద్ధం అవుతుంది. నాకు తెలుసు. మా ఇంటి మట్టుకు కాచుకున్నాను.

మూడో రోజు ఆవిడే కర్ర పట్టుకుని బయల్దేరారు. నేను కిటికీలోంచి చూశాను. ఎదురింటావిడ గ్లాసు ఎత్తి చూపించి, "చూడండి మేడమ్ గారూ, ఎంత తేటగా ఉన్నాయో! ఈ ఎండలో మీకెందుకండీ తిరుగుళ్ళు?" అంది. మిగతా ఇళ్ళవాళ్ళు తలుపు దాకా కూడా రాలేదు.

నాలుగు రోజులకి విరోచనాలు మొదలయ్యాయి. ముందు ఎదురింటావిడ కూతురికే. ఆ పిల్లకి ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు పట్టుకుని మేడమ్ గారు మధ్యాహ్నం ఎండలో వీధి దాటుతూ, పూడ్చని ఆ గోతిలో పడ్డారు. తుంటి విరిగింది. పిల్ల బతికింది.

ఆస్పత్రికి ఒక్కసారే వెళ్ళగలిగాను. ఆవిడ కళ్ళు మూసుకునే నా చెయ్యి తడిమి గుర్తుపట్టారు.

"ఎన్నిళ్ళయ్యాయమ్మాయ్?"

"అన్నీ అయ్యాయండి" అన్నాను.

ఆవిడ నా వేళ్ళు పట్టుకుని కాసేపు ఉంచుకున్నారు. నమ్మారో, నమ్మినట్టు ఉన్నారో నాకు తెలియదు. నేను ఆవిడతో మాట్లాడిన ఆఖరి మాట అది.

సంతాప సభకి వీధిలో షామియానా వేశారు. యూనివర్సిటీ నుంచి ఇద్దరు వచ్చారు. వాళ్ళలో ఒకాయన ఆవిడ పేరు కాగితం చూసి చదివాడు. మా మావయ్య గారు శాలువా కప్పుకుని, "మేడమ్ గారు మన వీధికి పెద్ద దిక్కు" అన్నారు. తలుపు తియ్యనివాళ్ళంతా తలలూపారు. పక్కనే కుళాయి నీళ్ళు పట్టిన డ్రమ్ము, స్టీలు గ్లాసులు. ఒక్కొక్కరూ వచ్చి వేళ్ళు ముంచి తీసుకుంటున్నారు.

నేను ఎప్పుడు లేచానో నాకే తెలియదు. "అవి కాచని నీళ్ళండీ. తాగకండి" అన్నాను. గొంతు సగమే వచ్చింది. అత్తయ్య నా కొంగు పట్టి లాగారు. వెనక నుంచి ఎవరో, "బాగుంది వరస! చచ్చినావిడ నోరు ఈ పిల్లకొచ్చిందే!" అన్నారు. నలుగురు నవ్వారు. తాగేవాళ్ళు తాగారు. మావయ్య గారు ఇప్పటికీ నాతో మాట్లాడరు.

ఎదురింటావిడ మాత్రం నోటి దాకా ఎత్తిన గ్లాసు దించింది. నా వైపు చూడలేదు. దాన్ని మా అరుగు మీద పెట్టి, కూతురి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. ఆరిళ్ళలో ఒక ఇల్లు. అది కూడా చెప్పమన్నవారు లేకుండా పోయాక.

షామియానా విప్పేసి, కుర్చీలు ఆటోలో ఎక్కించేదాకా ఆ గ్లాసు అక్కడే ఉంది. ఎవరూ తియ్యలేదు. దగ్గరికి వెళ్ళి వంగి చూశాను. అడుగున కొట్టిన ముద్ర దాకా కనిపిస్తోంది. అంత తేటగా ఉన్నాయి నీళ్ళు.