బావను వాకిట్లో ఆపిన సైన్సు

మా కోరుట్ల ఇంట్లో ఓ రోజు ప్రళయం వచ్చింది. తెచ్చింది నేనే. అప్పుడు జగిత్యాలలో బీఎస్సీ చదువుతున్నాను. రేడియేషన్ పాఠం సగం విని, మిగతా సగం నిద్రపోయాను. నాకు వచ్చిన సైన్సంతా అంతే.

సిరిసిల్లలో మరమగ్గాలకు పని లేక మా బావ మస్కట్ పోయాడు. చమురు బావుల పైపుల్లో పేరుకున్న పెచ్చులు గీకడం అక్కడ ఆయన పని. భూమిలోంచి చమురుతో పాటు వచ్చే రేడియేషన్ ఆ పెచ్చుల్లో ఉంటుందనీ, అందుకే మాస్కులు ఇస్తారనీ ఫోన్లో ఒకసారి చెప్పాడు. ఆయన వెళ్లాక పుట్టిన బిడ్డను వీడియోలో తప్ప చూడలేదు. అక్క, పిల్ల మా ఇంట్లోనే ఉన్నారు. సెలవు దొరకగానే నేరుగా మా ఇంటికే వచ్చాడు.

కారు దిగుతూనే చేతులు చాచాడు. నేను అడ్డంగా నిలబడ్డాను.

"ఆగు బావా! పిల్లను ముట్టకు."

"ఏమైందిరా బామ్మర్ది?"

"నీ ఒంట్ల రేడియేషన్ ఉంటది. పిల్లకు అంటుకుంటది."

"పని దిగంగనే తానం జేపిచ్చి, మిషిన్‌తోని చెక్ జేసినంకనే బయటికి ఇడుస్తరు గదరా," అన్నాడు గానీ గొంతులో ధైర్యం లేదు. బిడ్డ విషయం కదా! చేతులు తిప్పి తిప్పి చూసుకుంటూ పోయి వాకిట్లోని గ్రానైట్ గద్దె మీద కూలబడ్డాడు. ఆ ముఖం తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. అప్పుడు మాత్రం ఆయన సూట్‌కేసును కర్రతో తోసుకుంటూ గొడ్ల కొట్టంలోకి చేర్చి, వేపాకు నీళ్లు చల్లాను. ఏ పుస్తకంలో ఉందని మాత్రం అడక్కండి.

పిల్లను చంకనేసుకుని అక్క ఏడుపు మొదలుపెట్టింది. "మీ సారునన్న అడుగు తమ్మీ!"

మా ఫిజిక్స్ సారుకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి సంగతంతా చెప్పాను, నా తెలివి అందరికీ వినబడాలని.

"అంటుకునే జబ్బు గాదురా అది," అన్నాడు సారు. "గా దుమ్ము ఊపిరిల పోవద్దు, ఒంటి మీద ఉండొద్దు, గంతే. మంచిగ కడుక్కొని అచ్చిండు గద, బిడ్డను ఎత్తుకోనీ. ఇంతకు ఆయనెక్కడున్నడు?"

"గ్రానైట్ గద్దె మీద సార్."

"గా బండల గూడ కొంచెం ఉంటది. మట్టిల ఉంటది, అరటిపండ్ల ఉంటది, నీ ఒంట్ల గూడ ఉంటది. గంత కొంచానికి భయమేం లేదు."

అక్క ఏడుపు ఠక్కున ఆగింది. పిల్లను బావ ఒడిలో పెట్టింది. పిల్ల ఆయన మీసం పట్టుకుని గుంజితే, బావ నవ్వుతూనే ఏడ్చేశాడు.

అప్పుడు అక్క నన్ను ఎగాదిగా చూసింది. "నీ ఒంట్ల గూడ ఉంటదట గదరా! కొట్టంలున్న పెట్టె ఇంట్లకు తే. దాని జాగల నువ్వు పోయి కూసో."

ఆ పూట అన్నం కూడా అక్కడే తిన్నాను. గల్ఫ్ నుంచి వచ్చిన తండ్రికీ బిడ్డకూ నడుమ ఈ జన్మలో అడ్డం నిలబడనని బర్రెల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. బర్రెలు మాత్రం నన్ను నమ్మినట్టు లేవు.