నెల కనబడ్డ ఐతారం

మా మేళానికి పిలుపు అంటే ఆకూ వక్కా. కాగితం లేదు, సంతకం లేదు. ఊరి నుంచి ఒక పెద్దమనిషి వచ్చి అరుగు మీద కూర్చుని, ఫలానా రోజు మా ఊళ్ళో కథ చెప్పాలని అడిగి, తమలపాకుల మీద వక్క పెట్టి చేతికిస్తాడు. ఆ ఆకు నోట్లో వేసుకున్నామా, ఇక పిడుగులు పడ్డా పోవాల్సిందే. ఆలోచన ఏదైనా ఉంటే నమలక ముందే చేసుకోవాలి. ఈ సంగతి నాకు తెలియదని చెప్పుకునే వీలు కూడా లేదు, అది చూస్తూనే పెరిగాను.

మాది ఒగ్గుకథ మేళం. తిరుమలగిరి సంతకు నడిచి పోయేంత దూరంలో మా పల్లె. నేను చెబుతున్నది అరవైల మొదటి మాట. మేళమంటే ముగ్గురం: కథ చెప్పే నాయిన, తాళాలు కొట్టే చిన్నాయన, డోలు వాయించే నేను. గొర్రెలు కాసే కుటుంబాలవాళ్ళు మల్లన్నకు మొక్కుకుని, నేల మీద రంగుల పొళ్ళతో పట్నం వేసి, దాని ముందు మాచేత కథ చెప్పించుకునేవారు. మేము ఏ దొర గడీకీ, ఏ గుడికీ కట్టుబడిన వాళ్ళం కాదు. ఎవరు పిలిస్తే వాళ్ళ వాకిట్లో వాయించేవాళ్ళం. అందుకే పిలుపులు ఆగిపోతే మాకు వెనకా ముందూ ఎవరూ లేరు. మాకంటే మంచి గొంతులున్న మేళాలు ఆ చుట్టుపక్కల రెండు మూడు ఉండేవి. నాయినకు ఉన్నది వేరే పేరు. ఆకు అందుకుంటే వస్తాడు, అంతే. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ ఏటికి నాయిన కళ్ళకు పొరలు కమ్మాయి. ఎదురుగా ఉన్న మనిషిని గొంతు విని పోల్చుకునేవాడు. దారిలో నా భుజం మీద చెయ్యి వేసి నడిచేవాడు. దూరాన ఏముందో నన్నే అడిగేవాడు. బండి వస్తున్నదని నేనంటే, తన కళ్ళతో చూసినట్టే పక్కకు జరిగేవాడు. ఒక్కసారి కూడా, నిజమేనా అని అడిగి ఎరగడు. ఈ నమ్మకం నాకు గొప్పగా అనిపించేది కాదు, మామూలుగా అనిపించేది. ఇంట్లో ఉన్న వస్తువు విలువ మనకు ఎప్పుడు తెలిసింది కనుక.

మాఘమాసం చివర తిరుమలగిరి సంతలో ఒక ఊరివాళ్ళు నాయినకు ఆకు ఇచ్చారు. మా పల్లెకు తూర్పున రెండు కోసుల దూరం, అంటే నాలుగు మైళ్ళు. రోజు ఏదంటే, అమావాస్య వెళ్ళిన తర్వాత వచ్చే ఐతారం. ఆదివారాన్ని మా దిక్కున ఐతారం అంటాము. నాయిన ఆకు నమిలి ఇంటికి వచ్చాడు, మాకు చెప్పాడు, బాగానే ఉంది.

రెండు రోజుల తర్వాత నాయిన ఇంట్లో లేనప్పుడు పడమటి దిక్కు నుంచి ఇంకో పల్లె పెద్ద వచ్చాడు. నాలుగు కోసులు నడిచి వచ్చాడు. వాళ్ళ గొర్రెలకు ఏదో రోగం తగిలి సగం మంద పోయిందట. మిగిలింది నిలబడితే కథ చెప్పిస్తామని మొక్కుకున్నారట. నాయిన వచ్చేదాకా కూర్చోమని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఆ పెద్దమనిషి నా డోలు వంక చూసి, మీ నాయిన కథ సరే, ఆ డోలు దెబ్బ లేకపోతే సగం కథే అన్నాడు. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆ ఒక్క మాటకు పూరీలా పొంగిపోయాను. ఏ రోజని అడిగితే, నెల కనబడ్డ ఐతారం అన్నాడు. నెల అంటే మా దిక్కున చందమామే. అమావాస్య తర్వాత సన్నటి నెలవంక మొదటిసారి కంటికి కనబడిన తర్వాత వచ్చే ఐతారం అన్నమాట.

నేను వేళ్ళ మీద లెక్క వేశాను. శుక్రవారం పొద్దు గూకేదాకా అమావాస్య ఉందని గుడి పంతులు చెప్పాడు. మర్నాడు శనివారం నెల కనబడదు, ఐతారం సాయంత్రానికి గానీ కనబడదు. కనుక తూర్పు ఊరిది ఈ ఐతారం, వీళ్ళది ఆ పై ఐతారం. ఎంత తెలివి! ఆకు నోట్లో వేసుకున్నాను.

సాయంత్రం నాయినకు చెబితే మెచ్చుకుంటాడనుకున్నాను. ఆయన కర్ర గోడకు ఆనించి కూర్చున్నాడు. తర్వాత ఒక్కటే అడిగాడు.

“శనివారమే కనబడ్తే?”

కనబడదని నేను వాదించాను. గొంతు కూడా పెంచాను. తప్పు చేశానని లోపల తెలుస్తున్నప్పుడే నాకు గొంతు పెరిగేది, ఇప్పటికీ అంతే. నాయిన వాదన పెట్టుకోలేదు. ఏం చెయ్యాలో నిదానంగా చెప్పాడు. శనివారం నెల కనబడితే రెండు ఊళ్ళకూ ఒకటే ఐతారం అవుతుంది. పడమటి వాళ్ళను ఆపలేం, ఎందుకంటే మొక్కుకున్న రోజు కథ ముగిసేదాకా వాళ్ళ మంద దొడ్డి దాటదు, మేత ముట్టదు. తూర్పు ఊరివాళ్ళది ఇంటి పండుగ. శనివారం సాయంత్రమే పోయి బతిమాలితే సోమవారానికి జరుపుకోవచ్చు. కనబడిన వెంటనే తానే తూర్పు ఊరికి పోయి అడుగుతానన్నాడు. నా కొడుకు తొందరపడ్డాడు, తప్పు కాయండి అని చెబుతానన్నాడు.

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. ఆ ఊళ్ళో నా ఈడు వాళ్ళు నలుగురు ఉన్నారు, నా డోలంటే చెవి కోసుకునేవాళ్ళు. వాళ్ళ ముందు నాయిన చేతులు జోడించి నా పేరు చెప్పటం తలుచుకుంటే ఒళ్ళు మండింది.

శనివారం వచ్చింది. పొద్దున్నుంచి ఇంట్లో ఎవరికీ పని మీద మనసు లేదు. చిన్నాయన తాళాలు తుడిచిందే తుడిచాడు. నేను డోలు ఎండలో పెట్టాను, తీశాను, మళ్ళీ పెట్టాను. పక్కింట్లో సాలోళ్ళ మగ్గం టకటకమంటుంటే ఆ చప్పుడు మీద కూడా కోపం వచ్చింది. మధ్యాహ్నం గాలి లేచి పడమట దుమ్ము కమ్మితే నాకు ప్రాణం లేచి వచ్చింది. మేఘం రావాలని మొక్కుకునే రైతులను చూశాను గానీ, దుమ్ము రావాలని మొక్కుకున్నది నేనొక్కణ్ణే అయి ఉంటాను.

మా వాడకు పడమట పెద్ద రాళ్ళ గుట్ట అడ్డం. వాకిట్లోంచి ఆకాశం అంచు కనబడదు. పొద్దు గూకే వేళకు నాయిన నా భుజం పట్టుకుని గుట్ట కిందికి వచ్చాడు. చెప్పులు వేసుకున్నాడు, చేతికర్ర తెచ్చుకున్నాడు, తల మీద రుమాలు చుట్టుకున్నాడు. నెల కనబడితే అటునుంచటే తూర్పు ఊరికి నడవటానికి. నేను ఒక్కణ్ణే బండ ఎక్కాను.

పొద్దు దిగిపోయింది. ఎర్రదనం సద్దుమణిగింది. దుమ్ము తెర అలాగే ఉంది. ఇక లేదనుకుని, గుండె నిండా ఊపిరి పీల్చుకుని దిగబోతుంటే తెర ఒకచోట పలచబడింది. అందులో కనబడింది. గోరు కొసంత, వెంట్రుకంత. రెప్ప వేస్తే పోయింది, మళ్ళీ చూస్తే ఉంది. కాసేపటికి దుమ్ములో కలిసిపోయింది. వాడలో ఇంకెవరూ చూసి ఉండరు.

కింది నుంచి నాయిన అడిగాడు.

“కనబడ్డదా కొడుకా?”

“కనబడలే నాయిన.”

ఆలోచించి చెప్పిన అబద్ధం కాదు అది. నోరు ముందే అనేసింది. అన్న తర్వాత దాన్ని నిలబెట్టటానికి బుర్ర పనిచేసింది. మేమే చూడలేదంటే నాలుగు కోసుల అవతల వాళ్ళు మాత్రం ఎట్లా చూస్తారు, ఇదే దుమ్ము అక్కడా ఉండదా అనుకున్నాను. నాయిన సరేనని తల ఊపాడు. రుమాలు విప్పి భుజాన వేసుకుని, ఇంటికి పోదాం పట్టుకో అన్నాడు. ఆయన మొహంలో ఆ నిశ్చింత చూస్తే నాకు కూడా నా మాట నిజమేననిపించింది.

ఐతారం తెల్లవారక ముందే తూర్పు ఊరికి బయలుదేరాం. పొద్దెక్కేసరికి కథ మొదలైంది. పసుపు చల్లారు, జనం కూర్చున్నారు, నాయిన గొంతు కూడా ఆ రోజు బాగా లేచింది. నేను ఉత్సాహంగానే వాయించాను, అబద్ధమెందుకు. పన్నెండు దాటి ఉంటుంది. జనం వెనక ఎండలో ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు. ఒళ్ళంతా బండి బాట దుమ్ము. పడమటి పల్లె పెద్దే.

నా చెయ్యి దెబ్బ తప్పింది.

ఒక్క దెబ్బే. వినేవాళ్ళు ఎవరూ పట్టుకోలేదు. నాయిన పట్టుకున్నాడు. కథ ఆపలేదు గానీ మొహం నా వైపు తిప్పాడు. పదేళ్ళుగా నా డోలు ఆయన చెవిలోనే మోగుతున్నది, ఎందుకు తప్పుతుందో తెలుసుకోవటానికి కళ్ళు అవసరం లేదు. ఆ పెద్దమనిషి మాత్రం దేవుడి కథ మధ్యలో మాట్లాడకూడదని అట్లాగే నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు. విరామం వచ్చేదాకా ఆయన ఎండలో, నేను చెమటలో.

విరామంలో దగ్గరికి వచ్చాడు. కోపంగా లేడు, అదే నాకు భయం వేసింది. తెల్లారేసరికి బండి కట్టుకుని మా ఇంటికి పోయారట. మేము ఇక్కడ ఉన్నామని అమ్మ చెబితే ఎడ్లను ఇటు తిప్పారట. నాయినతో మెల్లగా అన్నాడు.

“నిన్న పొద్దుమూకి మా దిక్కు అందరికీ కనబడ్డది అన్నా. పట్నమేసి కూసున్నం. మంద దొడ్లనే ఉన్నది, నీళ్ళు గూడ తాపలే.”

ఆ పెద్దమనిషి ఎడ్లకు నీళ్ళు పెట్టటానికి పోయేదాకా ఆగి, నాయిన నా వైపు తిరిగాడు. నన్ను అడిగాడు, అదీ గుట్ట కింద అడిగిన గొంతుతోనే.

“కనబడ్డదా?”

“కనబడ్డది నాయిన” అన్నాను.

అంతే. తిడతాడని చూశాను, చిన్నాయన ఒక్కటి పీకుతాడని చూశాను. ఏమీ లేదు. మొదలుపెట్టిన కథను సగంలో వదిలిపోయే రివాజు లేదు కనుక, నాయిన మంచినీళ్ళు తాగి మళ్ళీ లేచాడు. అంత వేగంగా ఆయన కథ చెప్పటం నేనెప్పుడూ వినలేదు. రాగం తీయాల్సిన చోట తీయలేదు, నవ్వించాల్సిన చోట నవ్వించలేదు. ఆ ఊరివాళ్ళకు అర్థం కాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పొద్దు పడమటికి తిరిగేసరికే కథ ముగించి, పెట్టిన అన్నం ముట్టకుండా బండి ఎక్కాడు. ఆరు కోసుల దారి. నేను పక్కనే కూర్చున్నాను. రాళ్ళ మీద చక్రం ఎగిరినప్పుడు ఆయన చెయ్యి ఆసరాకు వెతికింది. నా భుజం పక్కనే ఉంది. ఆ చెయ్యి బండి కడ్డీని పట్టుకుంది.

పల్లె చేరేసరికి పొద్దు గూకింది. ముందు గొర్రెల అరుపు వినబడింది, తర్వాత ఇళ్ళు కనబడ్డాయి. పొద్దున వేసిన పట్నం గాలికి అక్కడక్కడ చెదిరిపోయి ఉంది. ఆడవాళ్ళు, మగవాళ్ళు దాని చుట్టూ అట్లాగే కూర్చుని ఉన్నారు, ఒక్కరూ తినలేదు. పడమట నెల దబ్బనమంత మందాన నిలబడి ఉంది, ఇప్పుడు ఎవరికైనా కనబడుతుంది. నాకు నేల చీలి పోతే బాగుండుననిపించింది. నాయిన బండి దిగి, పట్నం ముందు నిలబడి చేతులు జోడించాడు.

“తప్పు నాది. నిన్న నాకు నెల కనబడలే.”

కథలో నాయిన చెప్పే ప్రతి మాటకూ వెనక నుంచి నేను అవునయ్యా అని వంత పలకాలి. అది మా మేళం పద్ధతి. అలవాటుగా జనమంతా నా వైపు చూశారు. ఆయన అన్నదాంట్లో అబద్ధం ఒక్క అక్షరం లేదు. నిజంగానే ఆయనకు కనబడలేదు. నాకు కనబడింది అని ఒక్క మాట అంటే అయిపోయేది. గొంతు దాకా వచ్చింది కూడా.

“అవునయ్యా” అన్నాను.

ముందు వరసలో ఒక ముసలమ్మ లేచి దగ్గరికి వచ్చి, నాయిన మొహాన్ని తన వైపు తిప్పుకుని కళ్ళలోకి చూసింది.

“కండ్లు గిట్లున్నంక నీకు యాడ కనబడ్తది బిడ్డా” అని, కాళ్ళకు నీళ్ళు తెమ్మని కేకేసింది.

ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు. నాయిన పేరు చెడలేదు. పైగా కళ్ళు కనబడకున్నా ఆరు కోసులు వచ్చాడని మరో నాలుగు ఊళ్ళలో చెప్పుకున్నారు. కథ చెబుతున్నంతసేపూ దొడ్లో గొర్రెలు ఆకలికి అరుస్తూనే ఉన్నాయి, నేను వాయిస్తూనే ఉన్నాను. నలుగురిలో నాయిన నన్ను చెంప మీద కొట్టి ఉంటే ఆ దెబ్బను ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

ఆ తర్వాత మేమిద్దరం పదకొండేళ్ళు కలిసి కథ చెప్పాం. నాయిన నాతో ఎప్పటిలాగే మాట్లాడాడు, నవ్వాడు, డోలు బాగుందని రెండుసార్లు మెచ్చుకున్నాడు కూడా. కానీ మరుసటి అమావాస్య వెళ్ళిన మర్నాడు సాయంత్రం, నేను వాకిట్లోనే కూర్చుని ఉన్నాను, ఆయన కర్ర పట్టుకుని నా పక్క నుంచే నడిచి గోడ దగ్గరికి పోయి, నెల కనబడ్డదేమో జర గుట్టెక్కి చూసి చెప్పమని పక్కింటి సాలోళ్ళ కోడలిని పిలిచాడు.