మంచు లైన్లో రైనో గొంతు

ఐలీ లహ్తి చేతికి కంప్యూటర్ ప్రోగ్రాం ఇస్తే అదేం చేస్తుందని అడగదు. ఎవరి మీద ఆధారపడి బతుకుతోందని అడుగుతుంది. ఏయే లైబ్రరీలను, అంటే విడిగా దాచుకున్న ఏయే ఫైళ్లను, పనికి పిలుస్తోంది, ఏది ఎంత చోటు తింటోంది, ఏది ఊరికే కూర్చుంది? థండర్ బే పట్టణంలో ఆమె ఉద్యోగమంతా అదే. రిటైరయ్యాక కూతురింటి ఫ్రిజ్‌ని కూడా అలాగే సోదా చేసేది.

భర్త రైనో ఇందుకు పూర్తిగా విరుద్ధం. సరస్సు మీద మంచు మందం కొలిచి, ఫోన్ చేసినవాళ్లకు తన గొంతుతో చెప్పే ప్రోగ్రాం రాశాడు. చలికాలంలో ఆ మంచు మీద చేపలకు వెళ్లేవాళ్లంతా ముందు ఆ నంబరుకే చేసి, రైనో వెక్కిరింత వినేవారు.

"ఎనిమిది అంగుళాలు. ట్రక్కు ఎక్కించావో, ఈదుకుంటూ ఇంటికెళ్తావు!"

"నువ్వు వాడే లైబ్రరీల పేర్లన్నీ ప్రోగ్రాం పైన రాసి చావొచ్చు కదా?" అని తిట్టేది ఐలీ.

"రాసేస్తే ఇక నా ప్రోగ్రాం మొహం చూస్తావా నువ్వు?"

రైనో పోయిన మరుసటి వేసవిలో అతని పాత కంప్యూటరు మూలగడం మొదలుపెట్టింది. అది ఆగితే ఆ గొంతూ ఆగిపోతుంది. ఐలీ దాని బదులు చిన్న పెట్టెలాంటి కంప్యూటరు ఒకటి కొంది. అందులో చోటు తక్కువ. రైనో రాసిన స్క్రిప్టులన్నీ పేరుపేరునా గాలిస్తే, ఎవరూ పిలవని లైబ్రరీ ఒకటి దొరికింది. బండంత ఉంది. పిలవనిదాన్ని విప్పి చూసే అలవాటు ఆమెకు లేదు.

"చూశావా, నీ చెత్త!" అని గోడమీది ఫొటోను దెప్పి, తీసేసింది. నడిపి చూసింది. 'మంచు లేదు' అని తెరమీద పడింది, ఒక్క తప్పూ రాలేదు. ఎప్పటిలాగే పాత కంప్యూటరులో ఉన్నదంతా శుభ్రంగా చెరిపేసింది.

డిసెంబరులో సరస్సు గడ్డకట్టింది. పక్కింటి గోర్డ్ ఐలీకి ఫోన్ చేశాడు.

"ఏంటి ఐలీ, మీ ఆయన అలిగాడా? ఫోనెత్తుతున్నాడు గానీ పలకట్లేదు."

ఐలీ స్క్రిప్టు తెరిచింది. మంచు కట్టిన రోజున మాత్రమే నడిచే వరస ఒకటుంది. అక్కడ రైనో అక్షరాలు ఒక్కొక్కటిగా అతికించి, అప్పటికప్పుడు ఒక పేరు తయారుచేసి పిలిచాడు. ఎంత గాలించినా దొరకని ఆ పేరు, ఆమె తీసేసిన లైబ్రరీదే. అతని గొంతుతో రికార్డు చేసిన మాటలన్నీ అందులోనే ఉండేవి.

"ఐలీ? ఉన్నావా? ఎన్ని అంగుళాలో చెప్పు, బయట చచ్చేంత చలి."

ఆమె తెరమీది అంకెకేసి చూసింది.

"ఐదు. ట్రక్కు ఎక్కించకు."

ఈదుకుంటూ ఇంటికెళ్లే మాట కూడా వస్తుందని గోర్డ్ ఎదురుచూశాడు.

"అంతేనా?"

"అంతే, గోర్డ్."